ఉద్యోగం మానేసినవాళ్ళ కథ పూర్తిగా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. రాష్ట్రం ఒడిశా అయినా మా ఇంట్లో మాటా తెలుగే పొద్దున్నే చదివే పేపరూ తెలుగే, పేపర్ రాని రోజు మా నాన్నగారు వీధి గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు. మీ ఆదివారం అనుబంధంలో, జిల్లా పేజీల్లో కూడా ఈ మధ్య ఒకరకం కథనాలు బాగా వస్తున్నాయి. లక్షల జీతం వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఊరికొచ్చారు, డ్రాగన్ ఫ్రూట్ వేశారు లేదా నాటు ఆవులు పెట్టారు లేదా మిల్లెట్ బిస్కెట్లు చేస్తున్నారు, ఇప్పుడు ఏడాదికి కోటి టర్నోవర్, అని. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయట్లేదు, వాళ్ళలో కొందరిని చూస్తే నిజంగా గౌరవం కలుగుతుంది. కానీ నేను కూడా అలా వదిలేసి వచ్చినదాన్నే, అందుకని అలాంటి కథ చదివిన ప్రతిసారీ అందులో ఏం లేదో నాకు ముందు కనబడుతుంది. అదే మీకు రాద్దామని కూర్చున్నాను, కాస్త పెద్దదైతే క్షమించండి, కుదించాల్సి వస్తే మీ ఇష్టం గానీ గంటల గురించి రాసిన భాగం మాత్రం తీసేయొద్దని మనవి.

ఆ కథల్లో ఎందుకు మానేశారన్నదానికి "ఒత్తిడి తట్టుకోలేక" అని ఒక్క ముక్క ఉంటుంది, ఆ ఒత్తిడి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండదు. మానేసిన మర్నాటినుంచి ఇల్లు ఎవరి డబ్బుతో నడిచిందో ఉండదు. ఆ తర్వాత సంపాదన పెరిగినవాళ్ళ గురించే వేస్తారు, తగ్గినవాళ్ళ గురించి ఎప్పుడూ చూడలేదు. చదివేవాళ్ళు ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లలు, రాత్రి రెండింటికి కాల్‌లో ఉండి పక్కన ఫోన్‌లో మీ కథనం చదువుకునే పిల్లలు, వాళ్ళకి ఏమర్థమవుతుందంటే ధైర్యం ఉంటే చాలు, మనకి లేనిది అదొక్కటే అని. అది నిజం కాదండి.

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్ళ పైనే చేశాను. చివర్లో చాలాకాలం ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అమెరికాలో ఒక పెద్ద షాపుల సంస్థకి. సపోర్ట్ అంటే బయటివాళ్ళకి తెలీదు కాబట్టి చెప్తాను, వాళ్ళ షాపులు నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఆగిపోతే వెంటనే సరిచేసే పని. అక్కడ షాపులు తెరిచి బిల్లింగ్ మొదలయ్యే టైముకి ఇక్కడ మనకి దీపాలు పెట్టే వేళ. వాళ్ళ తూర్పు తీరంలో పొద్దున్న తొమ్మిదంటే ఎండాకాలంలో మనకి సాయంత్రం ఆరున్నర, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి అప్పట్నుంచి ఏడున్నర. అంటే మనిషి ఇంటికొచ్చి పిల్లతో కూర్చునే వేళకే అక్కడ పని మొదలు. కానీ ఆఫీసుకి పొద్దున్నే వెళ్ళాలి, ఎందుకంటే ఇక్కడి మేనేజర్, ఇక్కడి టీమ్, ఇక్కడి మీటింగులు పగలే ఉంటాయి. రెండు దేశాల పగళ్ళూ ఒక్క మనిషి మీదే పడతాయన్నమాట.

ఆన్ కాల్ వారం, అంటే ఏ వేళ ఫోన్ వచ్చినా మనమే ఎత్తాల్సిన వారం, వస్తే ఫోన్ తలగడ పక్కన. ఏదైనా పెద్ద షాపులో కార్డు పేమెంట్లు ఆగిపోతే అది సెవరిటీ వన్, అంటే అన్నిటికంటే పెద్ద సమస్య, వెంటనే బ్రిడ్జ్ కాల్ అని అందరూ చేరే ఫోన్ కాల్ ఓపెన్ చేస్తారు, ఇరవై ముప్ఫై మంది చేరతారు, పనిచేసేది ఇద్దరు ముగ్గురే మిగతావాళ్ళంతా ఎంతసేపట్లో అవుతుందని అడిగేవాళ్ళు. సరిచేశాక నిద్ర లేదు, మళ్ళీ రూట్ కాజ్ రాయాలి, ఎందుకొచ్చింది, మళ్ళీ రాకుండా ఏం చేస్తారు అని, అది వాళ్ళ సాయంత్రం లోపల, అంటే మనకి తెల్లవారేలోపల. అమెరికాలో నవంబర్ ఆఖరి వారం థాంక్స్‌గివింగ్ అమ్మకాలు, దానికి నెల ముందునుంచే సెలవులు ఇవ్వరు, మనకేమో అప్పుడు దీపావళి, కార్తీకమాసం. మహేంద్రతనయ ఒడ్డున మా వీధివాళ్ళంతా కార్తీక దీపాలు వదిలే ఫొటోలు మా అమ్మ పంపిస్తుంటే నేను బ్రిడ్జ్ కాల్ మ్యూట్‌లో పెట్టి చూసుకునేదాన్ని.

ఇక టైమ్‌షీట్ సంగతి. దీని గురించి ఎవరూ రాయరు. ప్రతి శుక్రవారం టైమ్‌షీట్ నింపాలి, రోజుకి ఎనిమిది, వారానికి నలభై. అంతకంటే ఎక్కువ వేస్తే సిస్టమ్ తీసుకోదు లేదా మేనేజర్ వెనక్కి పంపిస్తారు, ఎందుకంటే క్లయింట్ ఒప్పుకున్న బిల్లింగ్ అంతే. నేను చేసినచోట అలాగే ఉండేది, వేరే కంపెనీల్లో చేసే నా స్నేహితురాళ్ళు కూడా అదే చెప్తారు. అరవై గంటలు చేసినా కాగితం మీద నలభయ్యే. రేపు ఎవరైనా లేబర్ ఆఫీసర్ వచ్చి అడిగినా, కోర్టుకి వెళ్ళినా, మన సంతకంతో మనమే నలభై అని రాసిచ్చాం. తెలుగు రాష్ట్రాల్లో షాపులు, సంస్థల చట్టం ఉంది, ఐటీ కంపెనీలకి అందులో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు, ఆ మినహాయింపుల్లో కూడా వారానికి 48 గంటలు అనే షరతు పెట్టారు, దాటితే అదనపు వేతనం ఇవ్వాలి. షరతు ఉంది, కానీ లెక్కే లేనప్పుడు షరతు దేనికి పెడతారు? ఒత్తిడి అని మీరు ఒక్క మాటలో రాసేది ఇదండి. ఆ గంటలు ఏ పుస్తకంలోనూ ఉండవు, మనిషి ఒంట్లో మాత్రం ఉంటాయి.

ఒంట్లో అన్నది ఊరికే అనట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం బయటపెట్టాయి, వారానికి 55 గంటలు అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ అని. ఎక్కువ గంటల పని వల్ల 2016 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 7,45,000 మంది చనిపోయారని వాళ్ళ అంచనా. ఇలాంటి లెక్కలు ముందున్నా, 2023లో ఇన్ఫోసిస్ నారాయణ మూర్తి గారు యువత వారానికి 70 గంటలు చేయాలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. మీ పేపర్‌లో కూడా ఆ రెండూ పెద్దగానే వేశారు. ఆ పక్కనే ఈ లెక్క కూడా వేసుంటే ఎంత బాగుండేది.

ఇదంతా చదివి నేను ఉద్యోగాన్ని తిడుతున్నానని అనుకోవద్దు. ఆ జీతంతోనే మా నాన్నకి విశాఖపట్నంలో స్టెంట్ వేయించాం, తమ్ముడు చదువుకున్నాడు, ఊళ్ళో మా పెంకుటిల్లు తీసి స్లాబు వేశాం. పని కూడా నాకు ఇష్టమైన పనే, ఎక్కడో ఏదో తెగిపోయిందంటే దాని మొదలు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళడం నాకిప్పటికీ ఇష్టం. టీమ్‌లో మంచివాళ్ళు ఉండేవాళ్ళు, నాకు డెలివరీ అయినప్పుడు నా ఆన్ కాల్ వారాలు నాకు చెప్పకుండా పంచుకున్న పిల్లలున్నారు. లేనిదల్లా సాయంత్రం.

సాయంత్రం అంటే మా ఊరివాళ్ళకి గిడుగు రామ్మూర్తి పంతులు గారు గుర్తుకురావాలి. ఆయన 1880లో మా రాజావారి స్కూల్లో నెలకి ముప్ఫై రూపాయల జీతానికి టీచరుగా చేరారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, సవర పిల్లలకి సొంత డబ్బుతో బడులు పెట్టారు, తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. అందరూ ఆయన పట్టుదల గురించి చెప్తారు, అది నిజమే. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది, సవర నేర్చుకున్నప్పుడు ఆయన ఉద్యోగం మానలేదు. రోజూ సాయంత్రం బడి వదిలాక ఆయన టైము ఆయనదే అయింది. అలాంటి మనిషికి ఇవాళ రాత్రి పదింటికి స్టేటస్ కాల్, ఆదివారం డిప్లాయ్‌మెంట్ ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఇష్టమైన పని చేయాలంటే ఉద్యోగం వదలాల్సిందేనన్న పరిస్థితి రావడమే తప్పు అని నేనంటాను, వదలడం ఘనకార్యం అని మనం చప్పట్లు కొడుతున్నాం.

సరే నేనెలా వదిలానో చెప్తాను, ఎందుకంటే మీ కథల్లో లేని భాగం ఇదే.

మా ఆయన ఉద్యోగం మానలేదు. ఆయనదీ ఐటీయే, ఇంటినుంచి పనిచేసుకోవడానికి వాళ్ళ కంపెనీ ఒప్పుకుంది కాబట్టి పర్లాకిమిడి నుంచే చేస్తున్నారు, ఆయన రాత్రి కాల్స్ ఆయనకున్నాయి. ఇల్లు నడిచేది ప్రధానంగా ఆ జీతం మీద. నా కథ ఎవరైనా పేపర్‌లో వేస్తే "భర్త సహకారంతో" అని రెండు మాటల్లో తేలిపోతుంది, కానీ అది సహకారం కాదు, అది మా ఇంటి బడ్జెట్. రెండోది, హైదరాబాద్ ఫ్లాట్ అమ్మేశాం. అద్దెకిస్తే అద్దె ఈఎంఐలో సగానికి కూడా రాదు, లోన్ నెత్తిమీద ఉండగా ఒక జీతం వదులుకోవడం కుదరదు, అమ్మి బ్యాంకుకి కట్టేశాకే రిజైన్ చేశాను. ఫ్లాట్ కొన్నప్పుడు మా అత్తగారు తన బంగారం పెట్టారు, అమ్మినప్పుడు ఒక్క మాట అనలేదు, అది నేను మర్చిపోలేను. మూడోది, ఇక్కడ అద్దె కట్టక్కర్లేదు, నాన్నగారి ఇల్లుంది, కింద పుస్తకాల షాపుంది. ఈ మూడూ లేకపోతే నేను వచ్చేదాన్ని కాదు, రాకూడదు కూడా.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పరు, దీనివల్ల చాలా ఇళ్ళు దెబ్బతింటాయి. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీలో మన అమ్మానాన్నల బీపీ షుగర్ అన్నీ మొదటిరోజు నుంచే కవర్ అవుతాయి కదా, అది మనం పోతూ పోతూ తీసుకెళ్ళేది కాదు, ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకి తగ్గించింది, అయినా మూడేళ్ళ దాకా ఉండొచ్చు. అందుకే మానాలని మనసులో పడిన రోజే విడిగా పాలసీ తీసుకోవాలి, ఉద్యోగంలో ఉండగానే ఆ టైము గడిచిపోవాలి. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత పాలసీకి మారే వీలు కూడా ఉంది, గడిచిన కాలానికి లెక్క వస్తుంది, కానీ పాలసీ ఆగకముందే అడగాలి, హెచ్ఆర్ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. నేను చెప్తే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇది మొదటిసారి వింటున్నాం అక్కా అన్నారు.

ఊరికొచ్చాక మొదట ఎదురైంది అనుమానం. మా వీధిలో ఒక పెద్దావిడ సూటిగానే అడిగేసింది, "ఏటమ్మా, తీసేసినారా, నువ్వే మానేసినావా?" అని. ఆవిడని తప్పుపట్టడానికి లేదు, రోజూ టీవీలో లేఆఫ్ లేఆఫ్ అంటుంటే ఎవరైనా అదే అనుకుంటారు. నిజంగా తీసేసిన పిల్లలు కూడా మా వైపు ఊళ్ళల్లో ఉన్నారు, వాళ్ళు "మానేసి వచ్చేశాం" అని చెప్పుకోవాల్సొస్తోంది, ఎందుకంటే మానేయడం గొప్ప అయిపోయింది, తీసేస్తే సిగ్గు అయిపోయింది. రెండూ చేసింది ఒకే పరిశ్రమ కదా.

పోగొట్టుకున్నవి ఉన్నాయి. నా ఇప్పటి సంపాదన, ఒకటి రెండు చిన్న కంపెనీలకి గంటల లెక్కన టెస్టింగ్ పని చేస్తాను, అప్పటి జీతంలో అయిదో వంతు రాదు. మా అమ్మాయికి ఆరో తరగతిలో స్కూలు మార్చాం, కొత్తగా ఒడియా నేర్చుకోవాల్సొచ్చింది, హైదరాబాద్‌లో దానికి ప్రాణమైన స్నేహితురాలు ఉండేది, ఇప్పటికీ కొన్ని రాత్రులు ముభావంగా ఉంటుంది, "నీకోసం వచ్చాం కదా" అని ఒకసారి అంది, అది నిజమే, దానికి నా దగ్గర సమాధానం లేదు. నాన్నకి గుండె చెకప్ అంటే విశాఖపట్నం వెళ్ళాలి, రోజంతా పోతుంది. ఇవన్నీ రాయకుండా ఊరు స్వర్గం అంటే అబద్ధం.

ఇక వచ్చింది ఏంటంటే. నాన్నగారి షాపులో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు నోట్‌బుక్కులు, ఒక జిరాక్స్ మెషీన్. జిరాక్స్ కోసం వచ్చేవాళ్ళ చేతుల్లో కాగితాలు చూస్తే నాకు పాత పని గుర్తొచ్చింది. మాది సరిహద్దు ఊరు కదా, నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అది ఆంధ్రా. పుట్టిల్లు అటు, అత్తిల్లు ఇటు. ఆధార్ పెళ్ళికి ముందు తెలుగులో తీయించుకున్నది, రేషన్ కార్డు ఒడియాలో, రెండిట్లోనూ ఇంగ్లీషు స్పెల్లింగ్ వేరు. పొలం శ్రీకాకుళం జిల్లాలో ఉంటే ఆ రికార్డు ఒక రకం, ఇక్కడ గజపతి జిల్లాలో ఉంటే ఒడిశా భూమి రికార్డుల సైట్ భూలేఖ్‌లో వెతకాలి. ఆఫీసుకి వెళ్తే ఇక్కడివాళ్ళు అక్కడికెళ్ళమంటారు, అక్కడివాళ్ళు ఇక్కడికి. చదువురాని మనిషి ఎన్నిసార్లని తిరుగుతాడు?

ఒక సంగతి చెప్తాను. ఒడిశాలో 2024 సెప్టెంబర్ నుంచి సుభద్ర పథకం ఉంది, 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి ఏడాదికి పదివేలు, అయిదేళ్ళు, రాఖీ పున్నానికి అయిదువేలు, మహిళా దినోత్సవానికి అయిదువేలు. మెళియాపుట్టి వైపు నుంచి ఇక్కడి పల్లెకి కోడలుగా వచ్చిన ఒకామెకి పడలేదు. తోడికోడలికి పడ్డాయి, ఈమెకి లేదు. పేరు కొట్టేశారని ఒకరు, సర్పంచ్‌కి డబ్బులివ్వాలని ఇంకొకరు, ఇంట్లోనేమో డబ్బులొస్తే పుట్టింటికి పంపేసిందేమో అని మాటలు. ఆమె వచ్చి షాపు మెట్లమీద కూర్చుంది. ఈ డబ్బు ఆధార్ నంబర్‌ని బట్టి పోతుంది, ఆ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకి ఆఖరుగా లింక్ అయిందో ఆ ఖాతాలో పడుతుంది, మనం ఫారంలో ఏ పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చామన్నదానితో సంబంధం లేదు. ఆమె ఫోన్‌కి ఓటీపీ తెప్పించి ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ చూస్తే పాతపట్నంలో బ్యాంకు పేరొచ్చింది. పెళ్ళికి ముందు ఎప్పుడో తీసిన ఖాతా, తర్వాత అక్కడే కేవైసీ చేయించినప్పుడు మళ్ళీ లింక్ అయిపోయినట్టుంది. వెళ్ళి పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటే డబ్బులన్నీ అక్కడే ఉన్నాయి. "ఓలమ్మా, నా డబ్బులు నా పుట్టింట్లోనే పడున్నాయా" అని ఆమె నవ్విన నవ్వు చూశాను. ఆ తర్వాత ఆమె ఆ ఊరి ఆడవాళ్ళని నలుగురైదుగుర్ని తీసుకొచ్చింది.

నేను చేసింది సపోర్ట్ పనే. అదే వెతుకులాట, అదే రూట్ కాజ్. ఇక్కడ ఆ మనిషి నా ఎదురుగా కూర్చుంటుంది, అయిందో లేదో ఆమె ముఖంలోనే తెలుస్తుంది, అయ్యాక ఇంటికెళ్ళిపోతుంది, నేనూ షట్టర్ వేసి మేడెక్కుతాను. జిరాక్స్ డబ్బులు తప్ప తీసుకోను, ఏ కౌంటర్‌కి వెళ్ళాలో, ఏమడగాలో ఒడియాలో ఒక కాగితం మీద రాసిస్తాను, మిగతా పని బ్యాంకువాళ్ళో ఆధార్ సెంటర్‌వాళ్ళో చేస్తారు. సంత రోజున గుమ్మా, సెరంగో వైపు కొండలమీంచి సవరలు చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు తెస్తారు, వాళ్ళలో కొందరు ఇప్పుడు కాగితాలు కూడా తెస్తున్నారు. వాళ్ళ మాట నాకు రాదు, ఒక ముసలాయన దగ్గర కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాను, సాయంత్రాలు ఉన్నాయి కాబట్టి.

సంతోషంగా ఉన్నావా అని అడిగితే, ఉన్నాను. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

అయినా ఈ ఉత్తరం నా గురించి కాదు. మొన్న సంక్రాంతికి కాశీనగర్ వైపు ఒక రైతు కొడుకు మా షాపుకి వచ్చాడు, బెంగళూరులో మూడేళ్ళ నుంచి చేస్తున్నాడు, పండక్కి వచ్చినా భుజాన లాప్‌టాప్ బ్యాగ్ ఉంది. ఫోన్‌లో మీ పేపర్ కథనమే ఒకటి చూపించి "అక్కా, నేను కూడా మానేద్దామనుకుంటున్నా, ఇలా చేయొచ్చా" అన్నాడు. కళ్ళకింద నల్లగా ఉంది, ఇరవై ఆరేళ్ళు. అడిగితే చెప్పాడు, తండ్రి అప్పు తీరలేదు, చెల్లి నర్సింగ్ చదువుతోంది, ఇల్లు మొత్తం వీడి జీతం మీదే ఉంది. వాడికి నేనేం చెప్పాలండి? నాకున్న మూడింటిలో వాడికి ఒక్కటీ లేదు. మానొద్దు అంటే ఆ పిల్లాడి ఒళ్ళు గుల్లవుతుంది, మానెయ్ అంటే వాళ్ళిల్లు కూలుతుంది. వేరే కంపెనీ చూసుకో, చూసుకునేదాకా ఆన్ కాల్‌లో ఎన్ని గంటలు చేశావో రోజూ నీ సొంత డైరీలో రాసుకో అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏం లేకపోయింది, ఆ రోజంతా మనసు పాడైంది.

వాడికి కావాల్సింది స్ఫూర్తి కథ కాదు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తకపోతే ఏం కాదన్న భరోసా. అది వేరే దేశాల్లో ఉంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక ఆఫీసుతో సంబంధం పెట్టుకోకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే గారు 2018 చివర్లో ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, 2025 డిసెంబర్‌లో మళ్ళీ పెట్టారు, మంత్రులు కాని సభ్యులు పెట్టే ఇలాంటి ప్రైవేటు బిల్లులు చట్టం అవడం చాలా అరుదని మనకి తెలుసు. ఇంకోపక్క 2024లో కర్ణాటకలో ఐటీలో రోజుకి 14 గంటల దాకా పనికి వీలు కల్పించే ప్రతిపాదన వచ్చింది, ఉద్యోగుల సంఘం రోడ్డెక్కింది. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం చేసిన కొత్త కార్మిక చట్టాలు, లేబర్ కోడ్‌లు, అమల్లోకి వచ్చాయి, వాటికింద రాష్ట్రాలు రూల్స్ రాసుకోవాలి. కనీసం చేసిన గంటలన్నీ టైమ్‌షీట్‌లో ఎక్కి తీరాలి, ఎక్కకుండా ఆపితే తప్పు కంపెనీది అని ఆ రూల్స్‌లో ఒక్క ముక్క పెట్టమని అడగడానికి ఇదే సమయం. హైదరాబాద్, బెంగళూరు, విశాఖలో చేస్తున్న మా సరిహద్దు జిల్లాల పిల్లలకి ఓటు ఇక్కడ, ఉద్యోగం అక్కడ, వాళ్ళ తరపున అక్కడ అడిగే ఎమ్మెల్యే ఎవరూ లేరు. పేపరే అడగాలి.

కాబట్టి ఎడిటర్ గారూ, మానేసినవాళ్ళ గురించి రాయండి, తప్పకుండా రాయండి. కానీ మీ విలేకరిని నాలుగు ప్రశ్నలు అదనంగా అడగమనండి, వారానికి ఎన్ని గంటలు చేసేవారు, కాగితం మీద ఎన్ని చూపించేవారు, మానేసినప్పుడు ఇంట్లో ఇంకో జీతం ఉందా, ఇప్పుడు ఇంట్లో ఎవరు సర్దుకుంటున్నారు. సంపాదన తగ్గినవాళ్ళని కూడా వెతికి రాయండి, రాయగడ, గుణుపూర్, బరంపురంలో అడిగితే దొరుకుతారు. ఇంకా ఉద్యోగంలో ఉన్న పిల్లలు టైమ్‌షీట్ల గురించి ఉత్తరం రాస్తే దయచేసి పేరూ కంపెనీ లేకుండా వేయండి, పేరొస్తే ఉద్యోగం మారేటప్పుడు కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ దగ్గర ఇబ్బంది పెడతారని వాళ్ళ భయం, అందుకే ఒక్కడూ రాయట్లేదు. కాశీనగర్ అబ్బాయికి నేను చెప్పాను, వేస్తామని మీరు ఒక్క లైను ప్రకటిస్తే మొదటి ఉత్తరం వాడే రాస్తానన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా